రాణికి ముందే తెలుసా

జూలై 3, సోమవారం

ఎనిమిదో తరగతికి ఇవాళ నాటకం పాఠం మొదలుపెట్టాను. పాత పద్యనాటకంలోని తీర్పు ఘట్టం. యువరాజు పందెం కట్టి ఊరి నడుమ గుర్రాన్ని దౌడు తీయిస్తాడు. ఒక గొర్రెలకాపరి ఆవిడ కొడుకు ఆ గుర్రం కాళ్ల కింద పడి చచ్చిపోతాడు. ఆ తల్లి కొలువుకొచ్చి మొరపెట్టుకుంటుంది. యువరాజు తానే ముందుకొచ్చి నేరం ఒప్పుకుంటాడు. కన్నకొడుకని చూడకుండా రాజు మరణదండన వేస్తాడు. రాణి ఒక్క పద్యం చదివి మూర్ఛపోతుంది. అంతే పాఠం.

నేను రాగం ఎత్తుకోగానే పిల్లలంతా పుస్తకాల్లో తలలు దాచుకుని నవ్వారు. కోపం రాలేదు. ఆ వయసులో నేనూ నవ్వినదాన్నే.

సాయంత్రం హెడ్మాస్టర్ దశరథం సార్ పిలిచి, పంద్రాగస్టుకు ఈ ఘట్టాన్నే వేయించమన్నారు. ఏటేటా అవే డాన్సులు చూడలేక చస్తున్నామన్నారు. సరేనన్నాను. ఇంటికొచ్చేదాకా స్కూటీ మీద పద్యాలు పాడుకుంటూనే ఉన్నాను. చాలా రోజులైంది ఇంత హుషారుగా ఉండి.

జూలై 6, గురువారం

రాజు దొరికాడు. మిస్బా.

మగపిల్లల్లో ఒక్కడికీ సీసపద్యం చివరిదాకా ఊపిరి నిలవడం లేదు. మిస్బా లేచి, నిదానంగా, ఎక్కడ ఆగాలో అక్కడ ఆగుతూ చదివింది. ఆడపిల్ల రాజేంది మేడం అని గొణిగిన మల్లేష్ కూడా నోరు మూసుకుని విన్నాడు. వాడికి యువరాజు వేషం ఇచ్చాను. రాణి మంజులత.

మిస్బాకు తల్లి లేదు. తండ్రి గులాం నబీకి బడి దగ్గరే బట్టలు కుట్టే దుకాణం. పిల్లను పెంచిందంతా నాయనమ్మ హనీఫా. గాజుల మలారం భుజాన వేసుకుని ఈ చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరుగుతుంది. విప్లవ్ కడుపులో ఉన్నప్పుడు నాకు గాజులు తొడిగింది ఆమే. రాజు వేషం సంగతి తెలిసి, తలపాగా గుడ్డ తానే కొంటానని మిస్బాతో చెప్పి పంపింది.

జూలై 9, ఆదివారం

మా ఆయన అమరేందర్ ఈ వారం రాలేదు. నందికొండలో డ్యామ్ ఆఫీసులో ఎవరో సెలవు పెట్టారట, ఆయన డ్యూటీ పొడిగించారు.

మధ్యాహ్నం విప్లవ్ స్నేహితుడి దగ్గర రికార్డు తెచ్చుకుంటానని నా స్కూటీ అడిగాడు. తాళంచెవి ఇచ్చాను. నాలుగు చినుకులు పడుతుండగా తిరిగొచ్చాడు. మోచెయ్యి గీరుకుపోయింది. స్కూటీ ముందు లైటు పగిలింది, మడ్గార్డు వంగింది. కంకర మీద జారిందన్నాడు. పసుపు పెడతానంటే వద్దని పోయి పడుకున్నాడు. అన్నం తినలేదు.

ఇంటర్ మొదటి సంవత్సరం పిల్లాడు. ఈ వయసులో పడతారు, లేస్తారు.

జూలై 10, సోమవారం

మిస్బా రాలేదు. ఎందుకని అడిగితే మల్లేష్ చెప్పాడు. నిన్న హనీఫా గాజులమ్ముకుని తిరిగొస్తుంటే, మెయిన్ రోడ్డు నుంచి ఊళ్లోకి తిరిగే మలుపు దగ్గర ఎవరో స్కూటీతో గుద్ది వెళ్లిపోయారట. తుంటి విరిగిందట. ఎంతోసేపటికి గొర్లు తోలుకొస్తున్నవాళ్లు చూసి నల్లగొండ దవాఖానకు పంపారట.

పద్యం మధ్యలో ఆపేసి పిల్లలకు చూచిరాత ఇచ్చాను.

ఎవరి స్కూటీనో ఎవరూ చూడలేదట. ఇప్పుడు స్కూటీ లేని ఇల్లెక్కడుంది.

జూలై 11, మంగళవారం

కంకర మీద జారాడు.

జూలై 14, శుక్రవారం

సాయంత్రం స్కూటీని నకిరేకల్ తీసుకెళ్లి బాగుచేయించాను. మా ఇంటికి ఎదురుగానే ఐలేశం మెకానిక్ షాపు ఉంది. కాని అతను ప్రతిదానికీ రేపు రమ్మంటాడు. నకిరేకల్లో అయితే చీరకు ఫాల్ కూడా వేయించుకోవచ్చు.

మెకానిక్ దేనికి గుద్దారు మేడం అని అడిగాడు. గేటుకు అన్నాను. గేటు అని ఎందుకన్నానో. కంకర అనాల్సింది.

చీర తీసుకెళ్లడం మర్చిపోయాను.

జూలై 16, ఆదివారం

నల్లగొండ దవాఖానకు వెళ్లాను. టీచర్‌గా వెళ్లడం నా ధర్మం. వేరే పిల్లల ఇళ్లలో ఇట్లా జరిగినా వెళ్లేదాన్నే. బత్తాయిలు తీసుకెళ్లాను.

హనీఫా గోడ పక్క మంచంలో ఉంది. అంత మనిషి ఇంతయింది. ఆపరేషన్ అయింది, ఇంకో పదిరోజులు కదలకూడదన్నారట. గులాం నబీ నన్ను చూసి స్టూలు తుడిచి వేశాడు. మిస్బా కాళ్ల దగ్గర కూర్చుని ఉంది. ఒళ్లో తెలుగు వాచకం. నాటకం పాఠం పేజీలోనే వేలు పెట్టి ఉంచింది.

ఎట్లా జరిగిందని అడిగాను. అడగకుండా ఎట్లా ఉండను.

"ఆగిండు మేడం" అంది హనీఫా. "ఆగలే అని మా నబీ అంటడు గని, ఆగిండు. దిగి నా దగ్గరికొచ్చిండు. చిన్న పోరడు, మీసం గూడ సరిగ రాలే. గజగజ వణుకుతాండు. బిడ్డా జరన్ని నీళ్లియ్యి అన్న. నా మొఖం దిక్కు చూసి, బండెక్కి పోయిండు."

గులాం నబీ పళ్లు కొరుక్కున్నాడు. దొరికితే వదలనన్నాడు. హనీఫా కళ్లు మూసుకుని, "గుద్దితె గుద్దిండు తీ. నీళ్లన్న ఇచ్చి పోతె అయిపోతుండె" అంది.

బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. మా ఊరు కట్టంగూర్ దాటిపోయి, తరువాతి స్టాపులో దిగి వెనక్కి నడిచాను.

విప్లవ్‌ను ఏమీ అడగలేదు. వాడికి సోమవారం పరీక్ష ఉంది.

జూలై 17

పరీక్ష లేదట.

జూలై 21, శుక్రవారం

వానలకు బళ్లకు సెలవు. నిన్నటి నుంచి ముసురు ఆగడం లేదు. ఇంట్లో వాడూ నేనూ. వాడు ఫోన్ కూడా ముట్టుకోవడం లేదు. కిటికీ దగ్గర కూర్చుని రోడ్డు మీద పోయే లారీలు చూస్తున్నాడు.

ఇప్పపువ్వంత తెల్లగా ఉండే మొహం వడలిపోయింది. పప్పులో ఆవకాయ కలిపి ముద్ద నోటికిస్తే చిన్నపిల్లాడిలా తిన్నాడు. రెండో ముద్ద కలుపుతూ అడిగాను. నేను అడగదలుచుకున్నది అది కాదు. ఎక్కడికి పోయినవ్, ఎవరిని గుద్దినవ్ అని అడగాలి. నా నోటి నుంచి వచ్చింది ఇది:

"ఆమె నీళ్లడిగిందారా?"

నమలడం ఆపేశాడు. చాలాసేపు నా చేతిలోని ముద్దనే చూశాడు.

"అడిగింది. నా బ్యాగుల బాటిల్ ఉండె అమ్మా. నిండ ఉండె."

తరువాత ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. ఎదురుగా కుక్క అడ్డమొస్తే పక్కకు తిప్పాడట. బండి దిగి దగ్గరికెళ్లాక ఆమెను గుర్తుపట్టాడట. గుర్తుపట్టాకే భయమేసిందన్నాడు. తెలియని మనిషయితే లేపేవాణ్నేమో అన్నాడు.

ఎవరికీ చెప్పకు అన్నాను.

ఈ మాట అన్నది నేనే. వాడు అడగలేదు.

జూలై 22, శనివారం

ఆలోచించాను. బండి నా పేరు మీద ఉంది. వాడికి లైసెన్స్ వయసు రాలేదు. తాళంచెవి ఇచ్చింది నేను. కేసయితే వాడి చదువు, నా ఉద్యోగం రెండూ పోతాయి. దానివల్ల హనీఫా తుంటి అతుక్కోదు. ఆమెకు ఆపరేషన్ అయిపోయింది. ఆమెకు కావలసింది బాగోగులు చూసే మనుషులు. అది నేను చేస్తాను. ఇంకా ఎక్కువ చేస్తాను.

అమరేందర్‌కు ఫోన్ చేసి చెప్పాను. అంతా విని, "చూసినోడు ఎవడన్న ఉన్నడా? లేడు గద. ఊకో సుచరితా" అన్నాడు. మనసు తేలికపడింది.

తరువాత వంటింట్లో, తేలికపడ్డందుకు నన్ను నేనే తిట్టుకున్నాను.

జూలై 25, మంగళవారం

మిస్బా బడికొచ్చింది. పక్కింటి భద్రమ్మ దవాఖానలో ఉంటానందట, అందుకని తండ్రి పంపాడు. సన్నబడింది. చేతి మీద నూనె చిట్లిన మచ్చలు. ఇప్పుడు వంట తనే.

రిహార్సల్ పెట్టాను. తీర్పు పద్యం దగ్గర మిస్బా ఆగిపోయింది. మర్చిపోయావా అన్నాను. మర్చిపోలేదంది. రాజుకు కోపమా దుఃఖమా అని అడిగింది. రెండూ అన్నాను. "రెండు ఒక్కసారి ఎట్లొస్తయ్ మేడం" అంది.

మల్లేష్‌కు ఇంకో అనుమానం. యువరాజు తనంతట తానే వచ్చి ఒప్పుకున్నాడు కదా, మరి పాఠం అంతా రాజు గొప్పోడు రాజు గొప్పోడు అనే ఉందేమిటి అన్నాడు. చెప్పకపోతే రాజుకు ఎట్లా తెలిసేదన్నాడు. క్లాసంతా వాడి వైపు తిరిగింది. రోజూ హోంవర్క్ ఎగ్గొట్టే పిల్లాడు. మెచ్చుకోవాలి. మెచ్చుకోలేదు. కూర్చోమన్నాను.

అప్పుడు మంజులత లేచింది. ఎప్పుడూ నోరు విప్పని పిల్ల.

"మేడం, రాణికి ముందే తెలుసా?"

ఏం తెలుసా అన్నాను.

"కొడుకే తొక్కిచ్చిండని. తెలిస్తె నేను ఒక తీర్గ నిలబడాలె. తెల్వకుంటె ఇంకో తీర్గ. పుస్తకంల రాయలే."

తెలియదు అన్నాను. రాణికి ఏమీ తెలియదు, అందుకే వినగానే మూర్ఛపోయింది అన్నాను.

"గుర్రం కాళ్లకు నెత్తురుంటది గద మేడం. ఇంటికొచ్చినంక అవుపడదా?"

బెల్లు కొట్టలేదు. అయినా క్లాసు వదిలేశాను.

జూలై 29, శనివారం

పీర్ల పండుగ. సాయంత్రం గులాం నబీ బండి మీద మిస్బాను తీసుకొచ్చి మా గేటు దగ్గర దించాడు. గిన్నెలో రొట్టెలు, బెల్లం కలిపి చేసిన మలీద. దవాఖాన మంచం మీది నుంచే హనీఫా చెప్పిందట, మేడం ఇంటికి తప్పకుండా ఇచ్చి రమ్మని.

నేను పెరట్లో ఉన్నాను. తలుపు తీసింది విప్లవ్. వచ్చి చూసేసరికి ఆ పిల్ల గిన్నె చాపి నిలబడి ఉంది. వీడు చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. తీసుకోరాదురా అంటే కదల్లేదు. నేనే అందుకున్నాను. మిస్బా వాడి మోచేతి పొక్కు వైపు చూసినట్టనిపించింది. నాకే అనిపించి ఉంటుంది.

వాళ్లు వెళ్లాక వాడు చెప్తానన్నాడు. పోయి చెప్పేస్తానన్నాడు. పంద్రాగస్టు అయిపోనీ, నాటకం అయిపోనీ, ఆ పిల్ల మనసు పాడు చేయొద్దు అన్నాను. నాటకం అయిన మరునాడే నేనే తీసుకెళ్తానన్నాను.

నిజంగానే తీసుకెళ్తాను.

ఆగస్టు 2

దవాఖానకు ఇప్పటికి నాలుగుసార్లు పోయొచ్చాను.

ఈ వారమంతా మంజులత రాణిగా ఎక్కడ నిలబడాలో తెలియక అటూ ఇటూ జరుగుతూనే ఉంది. విసుక్కున్నాను. పాపం.

ఆగస్టు 5, శనివారం

హనీఫాను ఇంటికి తీసుకొచ్చారు. మంచంలోనే అన్నీ. మిస్బా బడికి రాలేదు.

బడి అయ్యాక వాళ్లింటికి వెళ్లాను. దుకాణం వెనకే ఇల్లు. గులాం నబీ మిషను ఆపి లేచాడు. మిస్బా ఇక రాదన్నాడు. ఇయ్యాల్టి సంది బంద్ మేడం అన్నాడు. తను మిషను వదిలితే ఇల్లు గడవదు, అమ్మను లేపాలన్నా కడగాలన్నా ఆడపిల్లే కావాలి, భద్రమ్మ ఎన్నాళ్లని వస్తుంది అన్నాడు. ఒక ఏడాది పోతే పోయిందన్నాడు.

పోయిన ఏడాదులు తిరిగి రావని తెలిసినదాన్ని. వందమంది తల్లిదండ్రులతో ఈ మాట గట్టిగా వాదించినదాన్ని. ఆసుపత్రి ఖర్చుకు ఏమైనా కావాలా అని మాత్రం అడగగలిగాను. చేతులు జోడించాడు.

"మీరు చేసింది చాలు మేడం. మా సొంతోళ్లు గూడ ఇన్నిసార్ల రాలే."

లోపల మిస్బా నాయనమ్మకు గ్లాసు పట్టి నీళ్లు తాగిస్తోంది. నన్ను చూసి రాజు తలపాగా ఎవరికిస్తారని అడిగింది. నువ్వే రాజువి అన్నాను. "రాను గద మేడం" అంది. ఏడవలేదు. అదే తట్టుకోలేకపోయాను.

ఇంటికొచ్చి విప్లవ్‌కు చెప్పాను, మిస్బా బడి మానేసిందని. ఎందుకు చెప్పానో నాకు తెలుసు. తెలియదని రాద్దామనుకున్నాను.

ఆగస్టు 8, మంగళవారం

నిన్నటిది నిన్ననే రాద్దామంటే చెయ్యి రాలేదు. నిన్న సోమవారం.

నాలుగో పీరియడ్ జరుగుతుండగా అటెండర్ ఏసోబు వచ్చి, మేడం మీ బాబు గులాం నబీ ఇంటి కాడ ఉన్నడు, జర రమ్మంటాండ్రు అన్నాడు. చాక్‌పీసు చేతిలోనే ఉంది. అట్లాగే పోయాను.

కాలేజీకని పొద్దున్నే బస్సెక్కిన పిల్లాడు గడప బయట నేల మీద కూర్చుని ఉన్నాడు. గులాం నబీ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. కొట్టలేదు. కొడితే బాగుండేదనిపించింది. నలుగురు గుమిగూడారు. లోపల మంచం మీద హనీఫా మెడ ఎత్తి చూస్తోంది. మిస్బా ఆమె వెనక దిండు పట్టుకుని ఉంది.

"ఈ పోరడేనా అమ్మీ?" అని గులాం నబీ మళ్లీ అడిగాడు.

"వచ్చి చెప్తాండు గద. ఇంక నన్నెందుకు అడుగుతవ్" అంది హనీఫా.

అతను నా వైపు తిరిగాడు. ఈ నెలలో ఎన్నిసార్లో స్టూలు తుడిచి వేసిన మనిషి.

"మేడం, మీకు ఎరికేనా?"

ఇప్పుడే తెలిసింది అనొచ్చు. విప్లవ్ నా వైపు చూడలేదు. నేలనే చూస్తున్నాడు. అమ్మకు తెలియదని వాడు అప్పటికే చెప్పి ఉన్నాడట. ఆ సంగతి నాకు తరువాత తెలిసింది. అప్పుడు నాకు కనబడింది మిస్బా ఒక్కతే. పద్యం చెప్పేటప్పుడు నా నోటి వంక ఎట్లా చూస్తుందో అట్లాగే చూస్తోంది.

"ఎరికే" అన్నాను.

"ఎప్పటి సంది?"

"మొదటి సంది. కాదనుకున్న గని, మొదటి సందే."

గులాం నబీ నెమ్మదిగా, "బత్తాయిలు తెచ్చిండ్రు" అన్నాడు. ఆ ఒక్క మాటే. పోలీసులకు చెప్తానన్నాడు. చెప్పమన్నాను. నేనూ వస్తానన్నాను.

విప్లవ్ లేచి గడప దాకా వెళ్లి చేతులు జోడించాడు. హనీఫా వాణ్ని చాలాసేపు చూసింది. కరుణ అని రాసుకోవాలని ఉంది నాకు. కరుణ కాదు. అలసట.

"వచ్చినవు గద. ఇగ పో" అంది. గోడ వైపు తిరిగింది.

మిస్బా వచ్చి తలుపు వేసింది.

ఆగస్టు 10, గురువారం

స్టేషన్లో రాసిచ్చాము. వాడి మాట వాడిది, నా మాట నాది. మైనరు కనుక విప్లవ్‌ను మాతో పంపారు. నల్లగొండలో పిల్లల కేసులు చూసే బోర్డు ముందుకు తీసుకెళ్లాలి. బండి ఇచ్చినందుకు కేసు నా మీద కూడా.

అమరేందర్ నందికొండ నుంచి వచ్చాడు. నాతో రెండు మాటలు కూడా మాట్లాడలేదు. వాడితో అసలే మాట్లాడలేదు. రాత్రి పెట్టుకున్న కంచం అట్లాగే వదిలేశాడు. కాని పొద్దున వాడి చొక్కా ఇస్త్రీ చేసి మంచం మీద పెట్టింది ఆయనే.

దశరథం సార్‌కు చెప్పి సెలవు పెట్టాను. పై అధికారులకు రాయక తప్పదన్నారు. కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ, "నాకు ఇద్దరు కొడుకులు సుచరితమ్మా. నేనైతే ఏం చేద్దునో" అన్నారు.

ఆగస్టు 15, మంగళవారం

బడికి పోలేదు. నాటకం వేయలేదట. పిల్లలు దేశభక్తి పాటకు డాన్సు చేశారట.

ఆగస్టు 18, శుక్రవారం

ఏసోబు ఇంటికొచ్చి కొన్ని సంగతులు చెప్పి పోయాడు. మిస్బా బడికొస్తోందట. భద్రమ్మ పగలంతా తన చింతపండు బుట్టలు హనీఫా ఇంటికే తెచ్చుకుని, అక్కడే కూర్చుని గింజలు తీస్తోందట. ఊళ్లో ఆడవాళ్లు తలా ఒక పూట పంచుకున్నారట. పోరిని బడికి తోలకుంటె నేను అన్నం ముట్టనని హనీఫా కొడుకుతో పట్టుబట్టిందట.

ఇందులో నేను చేసింది ఏమీ లేదు. విప్లవ్ చెప్పకపోతే ఊరికి ఈ మాత్రం కదలిక వచ్చేదా అని ఆలోచించబోయాను. ఆ లెక్క నాకు అనుకూలంగా ఉంది. అందుకని మానేశాను.

విప్లవ్ వాళ్లింట్లో ఏదైనా పని చేస్తానని కబురు పంపాడు. గులాం నబీ వద్దన్నాడు. మళ్లీ పంపొద్దన్నాడు.

ఆగస్టు 23, బుధవారం

ఇవాళ బడికి పోయాను. నా మీద ఏం చర్య తీసుకుంటారో కాగితం వచ్చేదాకా పాఠాలు చెప్పమన్నారు. బస్సు దిగి నడిచి వెళ్లాను. గులాం నబీ దుకాణం ముందు నుంచే దారి. మిషను చప్పుడు ఆగింది. నేను దాటాక మళ్లీ మొదలైంది.

ఎనిమిదో తరగతి పిల్లలు లేచి నిలబడ్డారు. గుడ్ మార్నింగ్ మేడం అని సాగదీసే అలవాటు వాళ్లకు. ఇవాళ కొందరే అన్నారు. మిస్బా లేచింది, అనలేదు. పుస్తకం వైపే చూస్తోంది.

నాటకం పాఠంలో ప్రశ్నలు జవాబులు మిగిలి ఉన్నాయి. వాటిని దాటేసి తరువాతి పాఠానికి పోదామనుకుని ఇంటి నుంచి బయలుదేరాను. క్లాసులో నిలబడ్డాక చేతకాలేదు. మంజులతను చూసి, ఆ రోజు నేను నీకు తప్పు చెప్పానన్నాను. రాణికి తెలుసు అన్నాను. ఎందుకు చెప్పలేదో పుస్తకంలో లేదు, నన్నడిగితే భయం అన్నాను. మంజులత తలూపింది. ఎవరూ నవ్వలేదు. మల్లేష్ కిటికీ బయటకు చూశాడు.

తీర్పు పద్యం ఎవరైనా చదవండి అన్నాను. ఎవరూ కదల్లేదు. పేరు పెట్టి పిలిచే హక్కు నాకు లేదని నిలబడి ఉన్నాను. మిస్బా లేచింది.

రాగం తీయలేదు. మామూలుగా, మాట్లాడినట్టు, ఒక్కో పాదమే చదివింది. కోపం లేదు, దుఃఖం లేదు. పక్కింటి మనిషి జరిగిన సంగతి చెప్పినట్టు చెప్పింది. ఇన్నేళ్లలో నేను ఆ పద్యం అట్లా వినలేదు.

చదవడం అయ్యాక కూర్చోమనడం మర్చిపోయాను. తనే కూర్చుంది.